మాట లేకుండా నేర్పిన మాస్టారు

తొంభైల్లో సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలోని మా ఇంట్లో మారియో వీడియోగేమ్ ఆడని సెలవురోజు లేదు. ఆట మాకెవరూ నేర్పలేదు. తెర మీదున్న నాలుగు ముక్కలూ ఇంగ్లీషే. అయినా ఒకటో తరగతి తమ్ముడు పావుగంటలో ఎగరడం, ఇటుక కొట్టడం, గోతులు దాటడం పట్టేశాడు. వాడి తెలివికి మురిసిపోయాం. అందులో సగానికి పైగా ఆ ఆట సృష్టికర్త షిగెరు మియమోతో తెలివని నాకు మీసాలొచ్చాక గాని తెలియలేదు.

ఆయన 1952లో క్యోటో దగ్గరి సోనోబెలో పుట్టారు. డిజైన్ చదివి 1977లో నింటెండోలో చేరారు. పేకముక్కలతో మొదలైన పాత కంపెనీ అది. అమెరికాలో అమ్ముడుపోక మిగిలిన ఆటపెట్టెలకు కొత్త ఆట కట్టమంటే 1981లో 'డాంకీ కాంగ్' చేసిచ్చారు. అందులో గెంతే వడ్రంగే మన మారియో. తెర మీది అంత కొద్ది చుక్కల్లో నోరు గీయడం కుదరక మీసం పెట్టారు, జుట్టు కుదరక టోపీ పెట్టారు. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' మొత్తం 40 కిలోబైట్లు! పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ దీనికన్నా బరువు. అందులో మేఘమూ పొదా ఒకటే బొమ్మ, రంగే తేడా.

అసలు పనితనం మొదటి అంకంలో ఉంది. మారియో ఎడమ అంచున నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు నడవాలో చెప్పక్కర్లేదు. ఎదురుగా కోపం మొహంతో గూంబా అనే శత్రువు వస్తుంది, తగిలితే చస్తాం. రెండోసారి గెంతుతాం. పుట్టగొడుగు వస్తే శత్రువేమోనని భయపడతాం. అది గొట్టానికి తగిలి మన మీదికే తిరిగొస్తుంది. తప్పించుకుందామని ఎగిరితే పైన ఇటుకలు అడ్డం! తగలగానే పెద్దవాళ్లమవుతాం. ఇంకాస్త ముందు రెండు మెట్లవరసలుంటాయి, మధ్యలో నేల ఉంటుంది, పడినా ఏమీ కాదు. ఆ తర్వాతి జతకు మధ్యలో నేల ఉండదు. ముందు సాధన, తర్వాత పరీక్ష. ఇంతకన్నా మంచి మాస్టారుంటారా?

పోటీ ఆట 'సోనిక్' పక్షం వాళ్లు వేగం గురించి వాదిస్తారు. వేగం ఎవరైనా పెంచగలరు. మియమోతోలా 1986లో 'జెల్డా' ఆటను, తన తోటపని నుంచి 2001లో 'పిక్మిన్' ఆటను తీసుకురావడం అందరి వల్లా కాదు.

చిన్నప్పుడు మాకు దొరికింది మాత్రం అసలు సరుకు కాదు. '999 ఆటలు' అని ఒక దుకాణదారు అంటగట్టిన క్యాసెట్‌లో ఐదారు ఆటలే పేర్లు మార్చుకుని తిరిగేవి. ఆ మోసాన్నయినా క్షమిస్తాను, ఎందుకంటే లోపలున్నది మియమోతో పనే. ఇప్పటి ఫోన్ నకళ్లకు ఆ మర్యాదా లేదు. టోపీ, మీసం, గొట్టాలు కాజేశారు, పాఠాన్ని వదిలేశారు. అడుగడుగునా 'ఇక్కడ నొక్కు' అని వేలు చూపిస్తారు, ఓడితే ప్రకటన చూపిస్తారు, గెలవాలంటే డబ్బడుగుతారు. అది ఆట కాదు, వసూలు.

మన దగ్గర ఆటలు తయారుచేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్కటే మనవి. మీ మొదటి అంకాన్ని చదవడం రాని పిల్లాడి చేతిలో పెట్టి, నోరు మూసుకుని కూర్చోండి. వాడు 'ఇప్పుడేం చేయాలి?' అని మీవైపు చూశాడంటే తప్పు వాడిది కాదు. ఇంటికెళ్లి మళ్లీ గీయండి.