బరువు కదలని రోజులు

పెద్దాపురానికి గుర్తు చెప్పమంటే మరిడమ్మ గుడి తర్వాత చాలామంది నోట వచ్చేది పాండవుల మెట్ట. వనవాస కాలంలో పాండవులు ఆ కొండ మీద తలదాచుకున్నారని ఊరి నమ్మకం. బలం అనగానే తెలుగువాడికి ముందు తట్టే పేరూ ఆ ఐదుగురిలోదే. పసికందుగా తల్లి ఒడిలోంచి జారిపడితే కింద బండే పగిలిందని చెప్పుకునే భీముడు పుట్టుకతోనే బలవంతుడు. గద తిప్పడం ఎవరి దగ్గరో నేర్చుకున్నాడేమో గానీ బలాన్ని మాత్రం నేర్చుకోలేదు. ఈ కథ మన బుర్రల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, ఆ తర్వాత ఎవరు బరువెత్తినా ఆ పేరే పెట్టేశాం. కోడి రామ్మూర్తి నాయుడు కలియుగ భీముడయ్యాడు. దండమూడి రాజగోపాలరావు ఆంధ్ర భీముడయ్యాడు. 1963లో వచ్చిన నర్తనశాల సినిమాలో ఆయనకు దక్కిన వేషమూ భీముడిదే. ప్రేమతో పెట్టిన పేర్లే అయినా వాటివల్ల ఒక నష్టం జరిగింది. బలం పుట్టుకతో రావాలనే నమ్మకం స్థిరపడిపోయింది. అందుకే జిమ్‌లో చేరి రెండు నెలలయ్యేసరికి బార్ కదలడం మానేస్తే కుర్రాడు తన పద్ధతిని అనుమానించడు, తనను తానే అనుమానిస్తాడు. మన ఒంట్లో లేదులే అనుకుని ఇంటికి పోతాడు. సాధన ఆగిపోయేది చాలావరకు ఇక్కడే, అదీ ఆగకూడని చోట.

భీముడి పేరు మోసిన ఆ ఇద్దరి జీవితాలే ఈ నమ్మకానికి మొదటి జవాబు. వీరఘట్టంలో పుట్టిన రామ్మూర్తి ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నది జనం చెప్పుకుంటారు గానీ, ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన మాస్టారన్న సంగతి అంతగా చెప్పుకోరు. పుట్టుకతో వచ్చేదాన్ని ఎవరూ బడిలో నేర్పలేరు. కృష్ణా జిల్లా గండిగుంటలో 1916లో పుట్టిన రాజగోపాలరావు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ కాంస్యం గెలిచేనాటికి ఆయనకు 34 ఏళ్లు. ఆ వయసుకు పతకం దగ్గర నిలబడిన మనిషి వెనక ఉండేది ఏళ్లకేళ్ల కసరత్తు. ఏళ్లు మీద పడుతున్నా ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసిన ఓపిక అది.

ఇంతకీ రెండో నెలలో ఏం జరుగుతుంది? కొత్తగా బరువెత్తేవాడికి మొదటి మూడు నాలుగు వారాలు పండగే. వచ్చిన రోజు ఖాళీ బార్‌తో వణికినవాడు నెల తిరిగేసరికి దానికి రెండు పక్కలా ప్లేట్లు వేసుకుంటాడు. అద్దంలో మాత్రం ఏ తేడా కనపడదు. ఈ చిక్కుముడిని 1979లో మొరిటానీ, డెవ్రీస్ అనే పరిశోధకులు కండరాల్లోని విద్యుత్ సంకేతాలను కొలిచి విప్పారు. తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలదే. ఉన్న కండలో ఇంతకుముందు నిద్రపోతున్న పోగుల్ని మెదడు లేపడం నేర్చుకుంటుంది, వాటిని ఒకేసారి పనిలోకి దింపడం నేర్చుకుంటుంది. కండ పెరగడం ఆ తర్వాత మెల్లగా అందుకుంటుంది. అంటే ఒంట్లో రెండు గడియారాలున్నాయి. నరాల గడియారం త్వరగా తిరిగి నెమ్మదిస్తుంది, కండ గడియారం నెలల లెక్కన తిరుగుతుంది. కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులది అంతకన్నా నిదానం. మొదటిది నెమ్మదించి, రెండోది ఇంకా కంటికి ఆనని ఆ మధ్యకాలంలోనే బార్ మొండికేస్తుంది. పెద్దాపురం పట్టు నేసేవాళ్లకు ఇది వింతగా తోచదు. పడుగు తోడి, సరిచేసి, మగ్గానికి ఎక్కించేదాకా రోజులు గడుస్తాయి, చూపించడానికి జానెడు గుడ్డ ఉండదు. అలాగని పని జరగలేదని ఏ నేతగాడూ అనుకోడు. రెండో నెలలో జిమ్ మానేసేవాడు పడుగు ఎక్కించి, పేక మొదలవకముందే మగ్గం దిగిపోతున్నాడు.

మన పాత సాధన పద్ధతులు కొలతలు లేని కాలంలోనే ఈ సంగతి పట్టుకున్నాయి. పాతకాలపు వ్యాయామశాల అయిన తాలింఖానాలో చేరినవాడి చేతికి బరువు ముందు రాదు. దండీలు, బస్కీలు, కర్ర తిప్పడం, నిలబడే తీరు, ఊపిరి పట్టే తీరు ముందు. సంగిడి, పెద్ద గుండు తర్వాత. గోదావరి అవతల అమలాపురంలో దసరాకు జరిగే చెడీ తాలింఖానా చూసినవాళ్లకు ఈ వరస ఎందుకో తెలుస్తుంది. కళ్లకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి ఒంటి మీద పెట్టిన కాయను కత్తితో నరుకుతారు. అక్కడ చూపించేది చేతి బలం కన్నా ఆ బలాన్ని సరిగ్గా ఎక్కడ ఆపాలో తెలిసిన అదుపు. వస్తాదులు కొత్తవాణ్ణి నెలల తరబడి తేలిక పనితో తిప్పడం వాడిని చిన్నబుచ్చడానికి కాదు. అదుపు రాని బలం సాధకుడికే ప్రమాదమని వాళ్లకు అనుభవం మీద తెలుసు.

ఈనాటి వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆ అదుపు ఎంత సూక్ష్మమో, బార్‌ను నేల మీంచి ఒకే ఊపులో తలపైకి తీసుకునే స్నాచ్ ఒక్కటి చాలు చెప్పడానికి. మగవాళ్ల బార్ బరువు 20 కిలోలు, ఆడవాళ్లది 15. పాదాలు తుంటి వెడల్పున, బార్ పాదాల నడిమి భాగం పైన. బొటనవేలిని బార్‌కు చుట్టి దాని మీద మిగతా వేళ్లు బిగించాలి. మొదటి వారం ఈ పట్టు నొప్పెడుతుంది, అది మామూలే. వెన్ను వంగకుండా, చేతులతో లాగకుండా, కాళ్లతో నేలను కిందికి తొయ్యాలి. బార్ ముంగాళ్ల వెంట దాదాపు రాసుకుంటూ పైకి రావాలి, రెండంగుళాలు ముందుకు పోయిందా నడుము మీద భారం రెట్టింపైనట్టుంటుంది. మోకాళ్లు దాటి తొడల పైభాగానికి వచ్చినప్పుడు ఒళ్లంతా ఒక్కసారి నిటారుగా విదిలిస్తే బార్ కాసేపు బరువు లేనిదవుతుంది. ఆ కాసేపట్లోనే మనిషి దాని కిందికి దూరాలి. కొత్తవాళ్లు తడబడేది అక్కడే. బార్‌ను తలపైదాకా ఎత్తాలనుకుంటారు, నిజానికి బార్ ఛాతీ దగ్గరికి వచ్చాక కిందికి దిగాల్సింది తామే. మొత్తం రెండు క్షణాల్లో అయిపోయే ఈ పని ఖాళీ బార్‌తో కొన్ని వందల సార్లు చేస్తే గానీ ఒంటికి ఎక్కదు. ఖాళీ బార్‌తో గడిపిన ఆ రోజుల్ని వృథా అనుకునేవాడు వెయిట్‌లిఫ్టింగ్‌లో అసలు పని ఏదో ఇంకా చూడలేదు.

ఓడిపోవడం గురించి కూడా ఈ ఆట దాపరికం లేకుండా మాట్లాడుతుంది. స్నాచ్‌లో మూడు, ముందు భుజాలదాకా, ఆపైన తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలు నిబంధనలోనే రాసి ఉన్నాయంటే, ఎత్తలేకపోవడాన్ని ఆటలో ఒక భాగంగా ముందే లెక్క వేశారన్నమాట. మీరాబాయి చాను 2016 రియో ఒలింపిక్స్‌లో క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నాల్లోనూ విఫలమై, మొత్తం బరువు నమోదు కాకుండానే వెనక్కి వచ్చింది. మరుసటి ఏడాదే ప్రపంచ విజేత అయింది, టోక్యోలో 202 కిలోలతో రజతం తెచ్చింది. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సంగతీ అలాంటిదే. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయిన రోజున కూడా ఆమె చివరి ప్రయత్నం, 137.5 కిలోలు, నిలవలేదు. అంతకుముందు రెండుసార్లు ప్రపంచ విజేత అయిన మనిషికే చివరి బరువు నిలవకపోతే, రెండు నెలల సాధకుడికి ఒక మంగళవారం బార్ కదలకపోవడం ఏ విధంగా తీర్పు అవుతుంది?

దీనికి ఎదురు వాదన ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. అందరి ఒళ్లూ ఒకేలా స్పందించవన్నది నిజం. 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో 585 మందికి 12 వారాలపాటు ఒక చేతికి ఒకే రకం శిక్షణ ఇచ్చారు. బలం కొందరిలో అసలు పెరగలేదు, కొందరిలో రెండున్నర రెట్లు అదనంగా పెరిగింది. పుట్టుకకు వాటా లేదని చెప్పడం కొత్తవాణ్ణి మోసం చేయడమే. అయితే అదే పరిశోధనలో సగటు మనిషి బలం సగానికి పైగా పెరిగింది. అసలేమీ రానివాళ్లు ఏ మూలనో కొద్దిమంది. తను ఆ కొద్దిమందిలో ఉన్నాడో లేదో తెలియాలన్నా కనీసం పన్నెండు వారాలు నిలవాలి కదా. ఎనిమిదో వారంలో మానేసినవాడికి తన జాతకం తెలిసే అవకాశమే లేదు.

మరో మాట గోదావరి జిల్లాల్లో తరచు వినిపిస్తుంది: రైస్‌మిల్లులో జట్టు కూలీ ఏ జిమ్‌కూ పోకుండా 75 కిలోల బస్తా మోస్తున్నాడు, మరి ఈ ఇనుము ఎందుకని. జట్టు కూలీ బలం గొప్పదే, అందులో ఒడుపూ గొప్పదే. బస్తా వీపు మీద కూర్చునే చోటు, నడకలో లయ చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ బస్తా బరువు ఎప్పటికీ పెరగదు, తగ్గదు. ఒళ్లు ఒకసారి అలవాటు పడ్డాక ఆ పని బలాన్ని పెంచదు, నిలిపి ఉంచుతుంది, విశ్రాంతి చాలకపోతే అరగదీస్తుంది. సాధన చేసేవాడికి ఉన్న సౌకర్యం ఏమిటంటే బరువును తనకు తగ్గట్టు దించుకోవచ్చు, ఎంచుకుని పెంచుకోవచ్చు, మధ్యలో ఒక రోజు ఆగవచ్చు. ఈ సౌకర్యాన్ని వాడుకోకుండా రోజూ ఒళ్లు హూనం చేసుకునేవాడు జిమ్‌కు డబ్బు కట్టి కూలిపని చేస్తున్నట్టే.

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్న భయానికి ఆధారం లేదు. పొట్టివాళ్లు ఈ ఆటలో రాణిస్తారు గనక మనకు అలా కనిపిస్తారు. పర్యవేక్షణలో చేసే బల సాధన పిల్లలకు హాని కాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ కూడా చెబుతోంది. ఆడపిల్ల మగరాయుడిలా తయారవుతుందన్న బెంగకు విజయనగరం దగ్గరి కొండవెలగాడ చాలు జవాబు. ఆ చిన్న ఊరి నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. మొదట కాంస్యం, ముందున్న నైజీరియా అమ్మాయి నిషేధిత మందుతో దొరికిపోవడంతో అది రజతమైంది. కొన్ని జిమ్‌లలో ఇంజెక్షన్ల గురించి గుసగుసలు వినే కుర్రాళ్లు ఈ చివరి మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి. రెండు గడియారాల్ని ముందుకు తిప్పుతామని అమ్మే మందులు గుండెనూ, సంతానశక్తినీ పణంగా పెట్టిస్తాయి. ఖరీదైన పొడి డబ్బా లేనిదే ఒళ్లు రాదన్నదీ అంతే. కిలో శరీర బరువుకు రోజుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు దాటితే అదనంగా లాభం కనబడడం లేదని పరిశోధనలు తేల్చాయి. 60 కిలోల మనిషికి అది దాదాపు 96 గ్రాములు. అనపర్తి, మండపేటల కోళ్లఫారాల పక్కన బతుకుతున్నవాళ్లకు గుడ్డు, పప్పు, చేప, పెరుగుతో ఆ లెక్క అందుకోవడం కష్టం కాకూడదు. కష్టమల్లా కంచంలో అన్నం కొండను కాస్త తగ్గించడం దగ్గరే.

పతకం రాని మనిషికి ఇదంతా ఎందుకంటే, ఒంటిమీద మోసుకు తిరిగే కండే పెద్దయ్యాక మనిషిని కుర్చీలోంచి లేపేది. రక్తంలో చక్కెరను ఎక్కువగా లాక్కునేదీ అదే. 1990లో బోస్టన్‌లో 86 నుంచి 96 ఏళ్ల మధ్య వృద్ధులకు 8 వారాలు కాళ్లతో బరువు ఎత్తించి చూస్తే వాళ్ల కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ల ఒళ్లు నేర్చుకోగలిగినదాన్ని ఇరవై ఏళ్ల ఒళ్లు నేర్చుకోలేదని రెండు నెలలకే తేల్చేయడం తొందరపాటు. నడుం నొప్పో గుండె జబ్బో ముందే ఉన్నవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. సాధనలో కీలు దగ్గర పొడిచినట్టు నొప్పి వస్తే ఆపాలి. మిగతా మామూలు ఒళ్లు నొప్పులకు రెండు రోజుల విరామం చాలు.

ఇక బార్ నిజంగానే మొండికేసిన వారంలో చేయాల్సింది చాలా చిన్న పని. బరువు పదోవంతు తగ్గించి, అదే కదలికను శుభ్రంగా చేస్తూ రెండు మూడు వారాల్లో మళ్లీ పాత అంకెకు రావాలి. అక్కడి నుంచి పెంచేటప్పుడు అతి తక్కువ మెట్టు వేయాలి. ఇక్కడ మాత్రం తప్పు సాధకుడిది కాదు, సామానుది. చిన్న ఊళ్ల జిమ్‌లలో అన్నిటికన్నా చిన్న ప్లేటు తరచు రెండున్నర కిలోలు, రెండు పక్కలా వేస్తే ఒకేసారి 5 కిలోలు. 20 కిలోలు తలపైకి నెట్టే అమ్మాయికి అది నాలుగోవంతు అదనం. ఏ ఛాంపియన్‌నూ ఒక్క వారంలో తను ఎత్తే బరువుకు నాలుగోవంతు కలపమని ఎవరూ అడగరు. సిడ్నీలో మల్లీశ్వరికీ స్వర్ణానికీ మధ్య తేడా రెండున్నర కిలోలు, ఆనాటి నిబంధనల ప్రకారం మామూలు ప్రయత్నాల్లో అంతకన్నా చిన్న మెట్టు లేదు. 2005 నుంచి పోటీల్లోనే ఒక్కో కిలో చొప్పున పెంచుతున్నారు. అర కిలో, కిలో పావు ప్లేట్లు ఒక జత ఉంచమని పెద్దాపురంలోనూ సామర్లకోటలోనూ జిమ్‌కు పోయేవాళ్లు యజమానిని అడగాలి. కాదంటే నలుగురు కలిసి కొనుక్కుని సంచిలో తెచ్చుకోవాలి.