చేతికి ఆట, మనసుకు నెమ్మది

బిల్లు కట్టడం, అలారం పెట్టుకోవడం, చేయాల్సిన పనులు రాసుకోవడం వంటి రోజువారీ ఫోను పనులు విసుగు పుట్టించకుండా, కంగారు పెట్టకుండా సాగేలా యాప్‌లను మలచడం డిజైన్ రంగంలో ఒక ప్రత్యేకమైన పాయ. ఇందులోని నెమ్మదికి పునాది కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పడింది. అక్కడి మార్క్ వైజర్, జాన్ సీలీ బ్రౌన్ 1995లో ‘కామ్ టెక్నాలజీ’ అనే ఆలోచనను వివరించారు. సమాచారం అస్తమానం కళ్లెదుట నిలబడి పిలవకూడదు, చూపు అంచున ఉండి అవసరమైనప్పుడే ముందుకు రావాలి, పని తీరగానే వెనక్కి తగ్గాలి అన్నది దాని సారం.

వాళ్లు చూపిన ఉదాహరణ నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి చేసిన వేలాడే తీగ. పైకప్పుకు బిగించిన చిన్న మోటారుకు 8 అడుగుల ప్లాస్టిక్ తీగను వేలాడదీసి, ఆ మోటారును ఆఫీసు నెట్‌వర్క్ కేబులుకు కలిపారు. నెట్‌వర్క్‌లో సమాచారం కదిలినప్పుడల్లా మోటారు పిసరంత అదురుతుంది. రద్దీ పెరిగితే తీగ గిరగిరా తిరుగుతూ చప్పుడు చేస్తుంది, లేకపోతే ఎప్పుడో ఓసారి కదిలి ఊరుకుంటుంది. నెట్‌వర్క్ ఎంత ఒత్తిడిలో ఉందో చుట్టుపక్కల గదుల్లోవాళ్లకు ఏ తెరా చూడకుండానే తెలిసిపోయేది. ఆటబొమ్మలా కనిపించే ఆ తీగను మించిన పాఠం ఈ రంగంలో ఇప్పటికీ అరుదు.

తెలుగునాట దుకాణాల్లో యూపీఐ సొమ్ము పడగానే పలికే సౌండ్ బాక్స్‌దీ ఇదే కోవ. టిఫిన్ బండి మీద దోసె తిప్పుతున్న మనిషి పిండి చేతులతో ఫోను తీసి మెసేజ్ వెతుక్కోనక్కర్లేదు. ఎంత పడిందో తెలుగులోనే చెవిన పడుతుంది, అట్లకాడ ఆగదు.

ఇక ఆట సంగతి. 2012లో ఐఫోనుకు వచ్చిన ‘క్లియర్’ అనే పనుల జాబితా యాప్‌లో మామూలు బటన్లు దాదాపు లేవు. రెండు వరుసల మధ్య వేళ్లు విడదీస్తే అక్కడ ఖాళీ విచ్చుకుని కొత్త పని రాసుకునే చోటు వస్తుంది. కుడివైపు జరిపితే పని పూర్తయినట్టు, ఎడమవైపు జరిపితే తీసేసినట్టు. పైనున్న పనులు ముదురు ఎరుపులో ఉంటాయి, కిందికి పోయేకొద్దీ రంగు పలచబడుతుంది. ఏది ముందు చేయాలో రంగే చెబుతుంది. ఇందులోని ఆటంతా వేలి కదలికకు బదులుగా వచ్చేదే. మనిషిని పిలిచే ఆట వేరు. ఒక్క రోజు తప్పితే వరుస తెగిపోతుందని బెదిరించే లెక్కలు, రమ్మని పదేపదే మోగే నోటిఫికేషన్లు పైకి ఆటలాగే ఉన్నా నెమ్మదికి పూర్తిగా విరుద్ధం.

ఇలాంటి యాప్‌కు ప్రోటోటైప్, అంటే నమూనా, తయారుచేసే పని కాగితంతో మొదలవుతుంది. ఒక్కో తెరను ఒక్కో చీటీ మీద గీసి ముందు పెడితే వాడే మనిషి వేలితో నొక్కుతాడు, డిజైనర్ ఆ చీటీ తీసి ఇంకోటి పెడతాడు. ఎక్కడ తడబడుతున్నారో అప్పుడే తేలిపోతుంది. కానీ నెమ్మదిని కాగితం చూపలేదు. అది కదలికలో, శబ్దంలో, ఆలస్యంలో ఉంటుంది. అందుకే ఫిగ్మా వంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనో, నేరుగా కోడ్‌తోనో ఫోను మీద నడిచే నమూనా కావాలి.

అది మొత్తం యాప్ కానక్కర్లేదు. కరెంటు బిల్లు యాప్‌కైతే ‘చెల్లించు’ నొక్కినప్పటి నుంచి రసీదు కనబడేదాకా గడిచే కొన్ని సెకన్లను నమూనాగా కడితే చాలు, గుండె దడదడలాడేది అక్కడే. తెర మీద చక్రం ఊరికే తిరుగుతుంటే సొమ్ము పోయిందో ఉందో తెలియదు. బ్యాంకు నుంచి కరెంటు సంస్థ దాకా ఒక గీత గీసి, దాని మీద చుక్క సాగుతున్నట్టు చూపి, ఆగిపోతే ఎక్కడ ఆగిందో, తర్వాత ఏం జరుగుతుందో మాటల్లో చెబితే ఆందోళన తగ్గుతుంది. చేరని సొమ్మును చేరినట్టు చూపే యానిమేషన్ ఎంత అందంగా ఉన్నా మోసమే.

వేగానికి డిజైనర్లు పాటించే కొలతలున్నాయి. నొక్కిన 0.1 సెకనులోపు స్పందన కనబడితే ఆ పని వేలే చేసినట్టుంటుంది. 1 సెకను దాటితే ఆలోచన తెగడం మొదలవుతుంది, 10 సెకన్లకు దృష్టి మరో పని మీదికి మళ్లుతుంది. తెర మీది కదలికకైతే స్ప్రింగు లెక్క వాడతారు. బిగువు పెంచితే చురుకుదనం వస్తుంది, ఊగిసలాటను అణిచే విలువ పెంచితే కదలిక కుదురుగా వచ్చి ఆగుతుంది. పనుల జాబితాలో కాస్త ఊగినా ముచ్చటగానే ఉంటుంది, డబ్బు తెరలో మాత్రం కుదురే మేలు. ఈ విలువలు లెక్కగట్టి తేలేవి కావు, నమూనాను చేతిలో పట్టుకుని మార్చి మార్చి చూడాల్సిందే.

అసలు పరీక్ష వాడకంలోనే. మొదటిసారి నవ్వించిన గంతు రోజుకు పదిసార్లు ఎదురైతే చిరాకు పెడుతుంది. అందువల్ల నమూనాను ఒక్క పూట చూపించి ఊరుకోకుండా కొన్నాళ్లు వాడేవాళ్ల ఫోన్లలోనే ఉంచాలి. తెర మీది కదలికలతో కళ్లు తిరిగేవాళ్లూ ఉంటారు. కదలికలు తగ్గించే సెట్టింగు ఐఫోనులోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉంది. దాన్ని ఎంచుకున్నవాళ్లకు గంతుల బదులు మెల్లగా మారే రంగు చాలు. శబ్దం ఆపేసినా, రంగుల తేడా కనబడకపోయినా అదే సంగతి అక్షరాల్లో తెలిసేలా మొదటి నమూనాలోనే ఏర్పాటు ఉండాలి.