వచ్చి పోయేవాళ్ల సేవ

పేద దేశాలకు వెళ్లి ఏడాదో రెండేళ్లో సేవ చేసి రావడం గొప్ప పని అని చదువుకున్న లోకం నమ్ముతుంది. 1961లో కెనడీ ప్రభుత్వం పీస్ కోర్‌ను స్థాపించినప్పటి నుంచి రెండు లక్షలకు పైగా అమెరికన్లు అలా వెళ్లివచ్చారు. వాళ్ల మంచి మనసును మేము శంకించడం లేదు. మా ప్రశ్న ఒక్కటే. వాళ్లు వెళ్లిపోయాక ఆ ఊళ్లో ఏం మిగిలింది?

ఈ ప్రశ్నను మొహమాటం లేకుండా అడిగినవాడు ఇవాన్ ఇల్లిచ్. మెక్సికో పల్లెల్లో వేసవి సేవకు సిద్ధమైన అమెరికా విద్యార్థుల ఎదుట 1968లో ఆయన మాట్లాడాడు. చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, సాయం చేస్తామని మాత్రం రావద్దు అన్నది ఆ ప్రసంగ సారాంశం. భాష రానివాడికి, తన పని వల్ల జరిగిన చెరుపు గురించి ఊరివాళ్లు ఏమనుకుంటున్నారో కూడా తెలియదు. అతని బదులు డబ్బు, దేశం, చర్మం రంగు మాట్లాడతాయి.

ఆ మాట ఎంత నిజమో కంబోడియా చూపించింది. అక్కడ 2005 నుంచి 2010 లోపు అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయి. అందులోని పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. అనాథలు పెరగలేదు. అనాథలను చూడవచ్చే విదేశీయులు, వాళ్ల విరాళాలు పెరిగాయి. పేద తల్లిదండ్రులు చదువు దొరుకుతుందని పిల్లల్ని అప్పగించారు. రెండు వారాలు ఒడిలో కూర్చోబెట్టుకున్నవాళ్లు ఫొటోలతో వెళ్లిపోయారు. ఆ పిల్లలకు మిగిలింది మళ్లీ మళ్లీ విడిపోవడమే. అదే డబ్బు ఆ ఇంటికే అందివుంటే బిడ్డ ఇంట్లోనే ఉండేది.

అయితే ఇల్లిచ్‌తో మాకు ఒకచోట పేచీ ఉంది. సేవ చేయాలనుంటే మీ దేశంలోనే, మీ భాషలో మీకు ఎదురు చెప్పగలిగే పేదల మధ్య చేయండి అన్నాడు. కానీ దేశం ఒకటైతే భాష ఒకటవుతుందా? గోండి, కోయ, కువి, సవర మాట్లాడే గూడేనికి తెలుగు మాత్రమే తెలిసిన కార్యకర్త వస్తే, పాస్‌పోర్టు లేకపోయినా అతనూ విదేశీయుడే. మన ముసలమ్మ వద్దన్న మాట అతనికి అర్థం కాదు. అర్థం కాని మాటను అతను ఒప్పుకోలు అని రాసుకుంటాడు.

పరాయివాడు చేసినదంతా వ్యర్థం అని మేము అనం. 1940లో కొమురం భీం వీరమరణం తరువాత ఆదిలాబాద్‌కు వచ్చిన హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. ఆయన స్వచ్ఛంద సేవకుడు కాడు, నిజాం ప్రభుత్వం తరఫున పనిచేశాడు. ఆ అధికారాన్ని విమర్శించవచ్చు. కానీ ఆయన గోండి నేర్చుకున్నాడు. మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించాడు. ఆయన వెళ్లిపోయినా పంతుళ్లు ఊళ్లోనే ఉన్నారు. తేడా అక్కడుంది.

కాబట్టి బృందం ఏదైనా గూడేనికి వస్తే యువకులు, ఉపాధ్యాయులు ముందే అడగాలి. ఈ పని కావాలని ఎవరు అడిగారు? మా భాషలో మా మాట ఎవరు వింటారు? మీరు వెళ్లాక దీన్ని నడిపేది మాలో ఎవరు, వాళ్లకు ఇప్పుడే ఏం నేర్పుతారు? రేపు మనమే సేవకులుగా మరో కొండకు వెళ్తే, ఇవే ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకుని వెళ్లాలి.