రెండు నాటకాలు, రెండు నూతులు

మన సమాజం నీతిలో ఎదిగిందా, దిగజారిందా? గురజాడ ‘కన్యాశుల్కం’, కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ పక్కపక్కన పెట్టి చదివితే ఈ ప్రశ్నకు సూటి జవాబు దొరుకుతుంది. మొదటిది 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. రెండోది 1920లలో వచ్చింది.

‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధానులు తన పసికూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు అమ్మజూస్తాడు. ఇది కల్పించిన దుర్మార్గం కాదు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్లకు విజయనగరం మహారాజా జాబితా తీయిస్తే 1,034 తేలాయని గురజాడ పీఠికలో చెప్పాడు. అందులో ముగ్గురు పెళ్లికూతుళ్లకు ఏడాది వయసు. ‘వరవిక్రయం’ నాటికి డబ్బు ఎదురు తిరిగింది. కూతురు కాళింది పెళ్లికి పురుషోత్తమరావు లింగరాజు కొడుక్కి కట్నం కట్టాలి. పాత కాలంలో ఆచారం ఆడపిల్లకు వెల కడితే, కొత్త కాలంలో ఇంగ్లీషు చదువూ, సర్కారు కొలువూ మగపిల్లాడి వెల పెంచాయి. చదువొస్తే నీతి వస్తుందన్న నమ్మకాన్ని కాళ్లకూరి అక్కడే ప్రశ్నించాడు.

రెంటిలోనూ నుయ్యి ఉంది. సుబ్బి సంబంధం విని తల్లి వెంకమ్మ నూతిలో పడుతుంది, బతుకుతుంది. కాళింది నూతిలో దూకి చనిపోతుంది. ఇది చూస్తే కాలం దిగజారిందనిపిస్తుంది. కానీ ఎవరు మాట్లాడుతున్నారో గమనించండి. సుబ్బి నోరెత్తదు; మేనమామ కరటకశాస్త్రి పన్నాగమే ఆమెకు దిక్కు. నాటకంలో అందరికన్నా తెలివిగా మాట్లాడే వేశ్య మధురవాణి ఉన్నా, అమ్ముడుపోయే పిల్లకు మాత్రం మాట లేదు. ‘వరవిక్రయం’లో కాళింది చెల్లెలు కమల ఆ వరుణ్ణే పెళ్లాడి, కొన్న సొత్తు మాదేనని నిలదీస్తుంది. పాత్రల జీవంలో గురజాడదే పైచేయి. కాళ్లకూరిలో ఉపదేశం ఎక్కువ. అయినా బాధితురాలికి నోరిచ్చింది మాత్రం ఆయనే.

1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా ఇటీవలి సంవత్సరాల్లో దేశంలో ఏటా ఆరు వేలకు పైగా వరకట్న మరణాలు నమోదవుతున్నాయి. దురాశ తగ్గలేదు, దాన్ని తప్పని చెప్పే గొంతులు పెరిగాయి. నేను దీన్ని ఎదుగుదల అనే అంటాను, కానీ సగం ఎదుగుదల. ఆడపిల్ల ‘వద్దు’ అన్నప్పుడు కన్నవాళ్లు బేరం ఆపిన రోజే మిగతా సగం పూర్తవుతుంది.