పలకను బయటే పెట్టిన ఆరాధన

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మాల, మాదిగ పల్లెల్లో క్రైస్తవం గురించి రాసేవాళ్లు దేవుడి ముందు అందరూ సమానం అన్న మాట దగ్గరే ఆగిపోతారు. ఆ సమానత్వాన్ని ఏ పాటలో పాడినాం, ఏ వాయిద్యం మీద పాడినాం అని అడగరు. నేను అడిగేది అదే. పలక ఎక్కడ పోయింది?

ఆర్కాటు మిషన్ తరఫున జేకబ్ ఛాంబర్లేన్ 1863లో మదనపల్లె చేరాడు. మిషన్ బడి, ఆసుపత్రి లేకుంటే మాబోటి వాళ్లకు అక్షరం ఎన్నాళ్లకు అందేదో. దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ గుడిలో పాడిన పాట ఎవరిది? తెలుగు క్రైస్తవ కీర్తనల్లో పెద్ద పేరు పురుషోత్తమ చౌధరి (1803-1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన ఆయన ఆరాధనకు రాగతాళాల కీర్తన రూపం ఇచ్చాడు. ఇంగ్లీషు బాణీల నుంచి విడిపించినందుకు మెచ్చుకోవాల్సిందే. విడిపించి సంస్కృత సమాసాల గుంజకు కట్టేశాడు. కూలికి పోయొచ్చిన మా అవ్వలు అర్థం అందకపోయినా కండ్లు మూసుకొని పాడినారు. హార్మోనియం లోపలికొచ్చింది, తబలా వచ్చింది. పలక రాలేదు.

దీనికి జవాబు నాకూ తెలుసు. పలక కొట్టడం మనకు కళ కాదు, వెట్టి. గంగమ్మ జాతరకైనా, రెడ్ల ఇంట్లో చావుకైనా పిలిస్తే పోవాల్సిందే. బాప్తిస్మం తీసుకున్నోడు పలక దించినాడంటే ఆ పిలుపుకు రానని చెప్పినట్టు. అది తిరుగుబాటే. "సంస్కృతి పోయింది" అని ఏడ్చేవాళ్లలో చానామంది ఎన్నడూ పలక మోసినోళ్లు కాదు. అయితే వెట్టిని వదలడం వేరు, చేతిలోని విద్యను పాపమనుకోవడం వేరు. పెంతెకొస్తు సభల్లో ఈ రెండూ ఒకటైపోయినాయి. అక్కడ డ్రమ్ సెట్టుకు అభ్యంతరం లేదు. ప్లాస్టిక్ తోలుకు లేని మైల గొడ్డుతోలుకు ఎట్లా అంటిందో ఏ పాస్టరూ చెప్పడు.

ఇస్లాం సంగతి కొంచెం వేరు. నమాజు వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడడం కంటికి కనిపించే సమానత్వం. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులోళ్లూ అదే వరుసలో ఉంటారు. పెండ్లి సంబంధం మాటొస్తే ఉర్దూ మాట్లాడే కుటుంబాలు వెనక్కి జరుగుతాయి. రాయలసీమ పల్లెల్లో పీర్ల పండక్కి గుండం చుట్టూ పలక మోగుతుంది. దాన్ని మతసామరస్యం అని పొగిడేవాళ్లు, పీరును ఎత్తేదెవరు, పలక కొట్టేదెవరు అని చూడరు. ఇప్పుడు తబ్లీగ్ పెద్దలు పీర్లు షిర్క్ అంటున్నారు, పాస్టరు జాతరకు పోవద్దన్నట్టే. రెండు శుద్ధీకరణల్లోనూ నోరు మూతపడేది ఒకే వాయిద్యానికి.

1994లో మొదలైన దండోరా ఉద్యమం ఆ వాయిద్యాన్నే వీధిలో ఆత్మగౌరవానికి గుర్తు చేసింది. వీధిలో గౌరవమైంది గుడిలో మైల ఎట్లా అవుతుంది? గ్రంథమే ఒప్పుకోదంటారా? నిర్గమకాండంలో సముద్రం దాటినాక మిర్యాము చేతబట్టిన వాయిద్యం పేరు హీబ్రూలో తోఫ్. చట్రానికి తోలు బిగించి చేత్తో కొట్టేది. తెలుగు బైబిల్లో దాన్ని తంబుర అని రాసినారు.