ఫ్రాంకెన్‌స్టైన్: ప్రాణము పోసినవాని బాధ్యత

ఫ్రాంకెన్‌స్టైన్ అనగానే పలువురకు ఒక భయంకరాకారము తోచును. కాని మేరీ షెల్లీ 1818లో ప్రకటించిన నవలలో ఆ పేరు ప్రాణిని నిర్మించిన విద్యార్థి విక్టరుది. ప్రాణికి పేరే లేదు. నవలలోని ముఖ్యవిషయము ఈ లోటునందే కలదు.

కథ 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున రూపొందినది. రచయిత్రికి అప్పటికి పదునెనిమిదేండ్లు. చచ్చిన కప్ప కాలు విద్యుత్తు సోకిన కదలునని గాల్వానీ అంతకుముందే చూపియుండెను. ఆయన మేనల్లుడు ఆల్డీని 1803లో లండనులో, ఉరిదీయబడిన నేరస్థుని శవముపై అట్టి పరీక్షలే జరిపెను. ప్రాణమనగా నేమి యను చర్చ విద్యావంతులలో సాగుచుండెను. అయినను జీవము పోయు విధానమును షెల్లీ వివరింపలేదు. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ఇది కొరతగా తోచవచ్చును. ఆమె దృష్టి అంతయు తరువాతి కథపైననే నిలిచినది.

ప్రాణి కన్ను తెరచిన క్షణముననే విక్టరు పారిపోవును. దిక్కులేని ఆ ప్రాణి ఒక కుటీరము చాటున దాగి, లోనివారి మాటలు వినుచు భాష నేర్చుకొనును. అరబ్బీ, ఉర్దూ, తెలుగు చెవినబడుచుండ పెరుగు హైదరాబాదు బార్కస్ పిల్లలకు ఇది వింత గాదు. కాని స్వల్పకాలములోనే అది మిల్టను కావ్యమును చదివి గ్రహించుట నమ్మశక్యము కాదు. ఇది నవలలోని బలహీనత. గ్రుడ్డివాడైన వృద్ధుడు దానితో దయగా మాటలాడును. కన్నులున్న కుమారుడు కొట్టి తరుమును. హత్యలు ఆ తరువాతనే మొదలగును.

పంచతంత్రములో ముగ్గురు పండితులు ఎముకలు కూర్చి సింహమును బ్రతికించి, దానికే ఆహారమగుదురు. సింహము పుట్టుకతోనే క్రూరమృగము. షెల్లీ ప్రాణి మాత్రము నిరాదరణ వలన క్రూరమైనది. ఈ భేదమే నవలకు ఘనత తెచ్చినది.

కావున దీనిని విజ్ఞానముపై నిందగా బోధించుట పొరపాటు. విక్టరు తలుపులు మూసికొని, ఎవరికిని చెప్పక పనిచేసెను; ఫలితమును చూచి విడిచిపెట్టెను. 2006లో హైదరాబాదు శాస్త్రజ్ఞులు కృత్రిమ గర్భధారణచే చుక్కల జింక పిల్లను పుట్టించిరి. 2010లో అమెరికాలో, రసాయనికముగా కూర్చిన జన్యుపదార్థముతో ఒక సూక్ష్మజీవిని నడిపించిరి. ఇవి లోకమునకు వెల్లడియైన పనులు. తప్పొప్పులను పదిమంది పరీక్షింపగలరు.

నవల చదివిన తరగతిలో ఉపాధ్యాయుడు అడుగదగిన ప్రశ్న ఒక్కటే: పుట్టించినవాడు ఆ ప్రాణికి ఏమి బాకీపడియున్నాడు?