పాలడిన్ అబద్ధమాడవచ్చా?

మా అబ్బాయికి పదిహేనేళ్ళు. శనివారం సాయంత్రమైతే నలుగురు స్నేహితులతో బేస్‌మెంట్‌లో చేరి ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడతాడు. వీడియో గేమ్ కాదు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని నోటితో నడిపే కథ. ఒక్కొక్కరిదీ ఒక పాత్ర. డంజియన్ మాస్టర్ అనే కుర్రాడు సూత్రధారుడు. ఊళ్ళూ, రాజులూ, రాక్షసులూ అన్నీ అతనే. తలపెట్టిన పని ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. మావాడిది పాలడిన్ పాత్ర. అంటే ఒట్టు పెట్టుకున్న పుణ్యవీరుడు. ఆ ఒట్టు బలంతోనే అతను చెయ్యి వేస్తే గాయాలు మానతాయి.

ఒక శనివారం పులిహోర గిన్నె పట్టుకుని కిందకి దిగేసరికి యుద్ధం జరుగుతోంది. ఆటలో కాదు, ఆడేవాళ్ళ మధ్య! కథలో సైనికులు ఊరి జనాన్ని చంపడానికి వచ్చారట. మావాడు జనాన్ని ధాన్యపు కొట్టులో దాచి, “ఇక్కడెవరూ లేరు” అన్నాడట. “అబద్ధమాడావు, ఒట్టు తప్పావు, నీ శక్తులు పోయాయి” అని డంజియన్ మాస్టర్ తీర్పు. “అంకుల్, మీరే చెప్పండి” అన్నారందరూ. పుస్తకాలు చూసి చెబుతానని గిన్నె అక్కడ పెట్టి బయటపడ్డాను.

అలా ఆ రూల్ పుస్తకాలు చదివాను. ‘పాలడిన్’ అన్న మాట షార్లమేన్ చక్రవర్తి వీరుల గాథల నుంచి వచ్చింది. ఈ ఆటలోని పాలడిన్ మీద పోల్ ఆండర్సన్ 1961 నవల ‘త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్’ ప్రభావం ఉంది. అందులో నాయకుడు ఒక డేనిష్ ఇంజనీరు. వేరే లోకంలో కళ్ళు తెరిచి, చివరికి తాను ఆ పాతకాలపు వీరుల్లో ఒకడినని తెలుసుకుంటాడు. ఇంజనీరు కథానాయకుడయ్యాడంటే నాకు సహజంగానే సంతోషం వేసింది.

ఆట 1974లో వచ్చింది, పాలడిన్ 1975లో. 1978 నాటి ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’లో అతని మీద ఆంక్షలు చాలా కఠినం. సంపాదనలో పదో వంతు దానం చెయ్యాలి. మంత్రవస్తువులు పదికి మించకూడదు. తెలిసి ఒక్క చెడ్డ పని చేస్తే పాలడిన్ పదవి శాశ్వతంగా పోతుంది, ప్రాయశ్చిత్తం లేదు. మా భాషలో చెప్పాలంటే ఒకే ఒక ‘ఇఫ్’ కండిషన్, వెనక్కి వచ్చే దారి లేదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ అబద్ధం, మోసం, విషప్రయోగం కూడదని విడమరిచి చెప్పి, ప్రాయశ్చిత్తానికి దారి ఇచ్చింది. 2008లో నాలుగో ఎడిషన్ మరో కొసకి పోయింది. ఒకసారి పాలడిన్ అయితే ఎప్పటికీ పాలడినే, ఏం చేసినా శక్తులు పోవు. మొదటిది ఉరితాడు, చివరిది ఉద్యోగ భద్రత! తప్పితే పోయేదేమీ లేనప్పుడు దాన్ని ఒట్టు అనడం దేనికి?

2014 నాటి అయిదో ఎడిషన్ నాకు నచ్చింది. అందులో ఒట్లు వేరువేరు. మావాడు పెట్టుకున్న ‘ఓత్ ఆఫ్ డివోషన్’లో సత్యం, ధైర్యం, దయ, గౌరవం, కర్తవ్యం అని అయిదు సూత్రాలు. సత్యమూ దయా ఒకే కాగితం మీద ఉన్నాయి. రెండూ ఢీకొంటే ఏది గెలవాలో పుస్తకం చెప్పదు. మొదట ఇది లోపమనుకున్నాను. ఇప్పుడు అదే దాని బలమనుకుంటున్నాను.

ఎందుకంటే ఈ తగవు మనకి కొత్త కాదు. కర్ణపర్వంలో, గాండీవం వేరొకరికి ఇచ్చెయ్యమన్నవాడి తల తీస్తానని ఒట్టు పెట్టుకున్న అర్జునుడు, ఆ మాట ధర్మరాజే అనేసరికి కత్తి దూస్తాడు. అప్పుడు కృష్ణుడు కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన ఆ తపస్వి, దొంగలడిగితే జనం దాక్కున్న చోటు చూపించేశాడు. జనం చచ్చారు, ఆయన నరకానికి పోయాడు. మావాడి ధాన్యపు కొట్టు సరిగ్గా ఇదే! ఆ తర్వాత కృష్ణుడిచ్చిన తీర్పు ఇంకా గొప్పది. పెద్దవాణ్ణి ‘నువ్వు’ అని ఏకవచనంలో నిందిస్తే చంపినట్టే, అంతటితో ఒట్టు తీరిందనుకో అంటాడు. ఇంతకంటే మంచి డంజియన్ మాస్టర్ ఎవరున్నారు?

అయిదో ఎడిషన్‌తో నాకున్న పేచీ ఒక్కటే. దాని ‘డంజియన్ మాస్టర్స్ గైడ్’లో ‘ఓత్‌బ్రేకర్’ అని ఒట్టు తప్పినవాడికీ ఒక వేషం పెట్టారు. ప్రేతాల మీద అధికారం వగైరా హంగులతో, పతనం కాస్తా ప్రమోషన్‌లా కనిపిస్తుంది. పిల్లలకి అదే ముద్దు. అయితే అది దురాశ కోసం ఒట్టు తప్పినవాడి వేషం. దయతో అబద్ధమాడినవాడి కోసం పుస్తకం వేరే మాట చెప్పింది: పశ్చాత్తాపానికి గుర్తుగా రాత్రంతా జాగరణ చేయవచ్చునని.

మరుసటి శనివారం ఇదే తీర్పు చెప్పాను. శక్తులు ఉంటాయి, కానీ ఒక రాత్రి జాగరణ చెయ్యాలి. అబద్ధం మంచిదే అయినా అబద్ధమే కాబట్టి. పిల్లలు ఒప్పుకున్నారు. అందరూ వెళ్ళాక మావాడు నెమ్మదిగా అడిగాడు: “మరి నువ్వు జాగరణ చేశావా నాన్నా?”

నాకు వెంటనే అర్థమైంది. అంతకు ముందు ఏడాది నా ఉద్యోగం పోయి నాలుగు నెలలు ఇంట్లో ఉన్నాను. ప్రతి ఆదివారం ఫోన్లో మా అమ్మతో “ఆఫీసులో ఊపిరాడటం లేదమ్మా” అనేవాణ్ణి, మావాడు పక్కనే ఉండగా. అమ్మకి బీపీ కదా, దయే అనుకున్నాను. ఆ రాత్రుళ్ళు నిద్ర పట్టని మాట నిజమే. కానీ అది జాగరణ కాదు, భయం. అబద్ధంలో దయ ఎంతో, నా పరువెంతో అప్పుడు లెక్క చూసుకోలేదు.

ఆ ఆదివారం అమ్మకి అంతా చెప్పాను. కాసేపు ఆగి, “తెలుసులేరా. ఊపిరాడనివాడివి గంటసేపు కబుర్లు చెబుతావా?” అంది.

మా బేస్‌మెంట్‌లో ఆట ఇంకా సాగుతోంది. మన పిల్లలు పాచికలతో కాలక్షేపం చేస్తున్నారని బెంగపడేవాళ్ళు ఒక శనివారం వాళ్ళ పక్కన కూర్చుని వినండి. ధర్మసూక్ష్మం గురించి అరగంట పోట్లాడుకునే పిల్లలు నాకింకెక్కడా కనబడలేదు. కాకపోతే, తీర్పు చెప్పమని అడిగితే మాత్రం జాగ్రత్త!